నలభై మూడు దెబ్బలు

సిరిసిల్లలో అడెపు లక్ష్మీరాజం షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచె అంటారు. ఒక్కో సాంచె నిమిషానికి నూట ఇరవై సార్లు పేక నూలు మోసే నాడెను అటూ ఇటూ కొడుతుంది. అన్నీ నడుస్తున్నప్పుడు చెవిలో నోరు పెట్టి అరిచినా సగం మాటే అందుతుంది. అందుకని అక్కడి కార్మికులు చేతులతో మాట్లాడుకుంటారు. మణికట్టు మీద వేలితో తట్టి చేతిని భుజం మీదుగా వెనక్కి విసిరితే, ఎప్పటి నుంచి అని. రెండు పిడికిళ్లు ఛాతీ దగ్గర చేర్చి పక్కలకు లాగితే, కొత్త బీము, అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద కడ్డీ, ఎక్కించిన రోజు అని. అక్కడ రోజుల లెక్క బీములతోనే సాగుతుంది.

ఆపద వచ్చినప్పుడు మాత్రం చేతులు సరిపోవు. అవతలి మనిషి ఇటు తిరిగి ఉండాలి కదా. అందుకు ప్రతి ఇనుప స్తంభానికీ ఒక పానా వేలాడుతుంటుంది. దానితో స్తంభాన్ని కొడతారు. ఎలా పడితే అలా కొడితే ఆ మోతలో కలిసిపోతుంది. తన సాంచె దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉండే సందులో, లయ తప్పకుండా కొట్టాలి. అప్పుడు పక్క మనిషికి ఆ సాంచె రెండింతల వేగంతో నడుస్తున్నట్టు వినిపిస్తుంది. వెంటనే తల తిప్పుతాడు. ఆ షెడ్డులో చేరినవాళ్లు మొదట నేర్చుకునేది పోగు ముడి వేయడం, రెండోది ఈ దెబ్బ.

దూస నీరజకు ఇవన్నీ తెలుసు. ఆమె తండ్రి భూమేశం ఆ షెడ్డులో ముప్పై నాలుగేళ్లుగా ఎనిమిదో సాంచె నడుపుతున్నాడు. బడి రోజుల్లో ఆమె ఆయనకు సద్ది తీసుకెళ్లి, చేతుల భాష అక్కడే నేర్చుకుంది. ఆయన చెవుల్లో సన్నని శబ్దాలు పోయి, మొద్దు శబ్దాలు మిగిలాయి. ఇంట్లో టీవీ వీధి చివరికి వినబడేది. ఆమె ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో చేరి, ఆరేళ్లు పట్టి మోతను తుడిచే ఒక పెట్టెను చేయడానికి మొదటి కారణం ఆ టీవీ.

శబ్దం ఒక అల. అది లేచేచోట కుంగే అలను, కుంగేచోట లేచే అలను అదే క్షణంలో వదిలితే రెండూ కలిసి చదునైపోతాయి. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లలో ఇది ఎప్పటి నుంచో ఉంది. షెడ్డంతటికీ చేయడం ఎవరివల్లా కాలేదు, ఎందుకంటే విన్న తరువాత వదిలే ఎదురు అల ఎప్పుడూ ఆలస్యమే. నీరజ పెట్టె విన్న తరువాత వదలదు. ముందే ఊహిస్తుంది. తిరిగి తిరిగి వచ్చే శబ్దం ఏదైనా దానికి నాలుగు దెబ్బల్లో తెలిసిపోతుంది. తెలిసినదాన్ని తుడిచేస్తుంది. మనిషి మాట అలా తిరిగి రాదు కనుక దాన్ని వదిలేస్తుంది.

మొదటి నమూనాను ఆమె ఇంట్లో మిక్సీ పక్కన పెట్టింది. తల్లి అంజవ్వ మీట నొక్కి, గిన్నెలోకి తొంగి చూసి, ఆపేసింది.

"గిదేందే? సప్పుడు లేకుంటే పచ్చడి మెదిగిందో లేదో నాకెట్ల ఎరుకైతది?"

"మూత తీసి చూడరాదే అవ్వా."

"ఇన్నేండ్ల సంది చెవుతోనే చూస్తున్ననే."

నీరజ నవ్వింది. ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు.

పెట్టెను షెడ్డులో బిగించిన రోజు లక్ష్మీరాజం కొబ్బరికాయ కొట్టించాడు. దూలాల కింద వంద స్పీకర్లు, ప్రతి సాంచెకూ ఒక మైకు. సాంచాలన్నీ నడుస్తుండగా నీరజ మీట నొక్కింది. మోత తగ్గింది, ఇంకా తగ్గింది, చివరికి ఫ్యాను శబ్దమంత మిగిలింది. నాడెలు కళ్లకు కనిపిస్తున్నాయి కానీ చెవికి అందడం లేదు. భూమేశం దగ్గి, ఉలిక్కిపడ్డాడు.

"నా దగ్గు నాకే ఇనవడ్తుంది" అన్నాడు.

ఆ తరువాత అందరికీ వినిపించింది ఒక పాట. ఏడో సాంచె దగ్గర గుండెల్లి కనకయ్య, మీట నొక్కిన సంగతి పట్టించుకోకుండా, పోగులు చూసుకుంటూ పాడుతున్నాడు. శ్రుతి ఒకవైపు, గొంతు ఒకవైపు. ఇరవై మంది తనవైపే చూస్తున్నారని తెలిసి ఆపాడు.

"కనకయ్యా, నువ్వు పాడుతవారా?" అన్నాడు భూమేశం.

"ముప్పై ఏండ్ల సంది పాడుతున్న. ఒక్కడన్న వద్దన్నడా?"

"ఇనవడలే గదరా. ఇనవడితే ఆనాడే ఆపుదుము."

నూలు కండెలు తెచ్చే రాజవ్వ గంప దించి, "బిడ్డా నీరజా, గా పెట్టెకు చెప్పు, గీ పాట గూడ తీసెయ్యమను" అంది.

"మనిషి గొంతును అది ముట్టదు రాజవ్వా."

"ఇగ మా ఖర్మ."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు కూడా వాళ్లు వినడం అదే మొదటిసారి. అయినా మరుసటి రోజుకు అందరూ మళ్లీ చేతులతోనే మాట్లాడుకున్నారు. అలవాటు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం కనకయ్య మెడలోని తువ్వాల ఏడో సాంచె కింద చక్రంలో పడింది. చక్రాన్ని తిప్పే పట్టా దాన్ని లాక్కుంది. మెడ సాంచె చట్రానికి ఆనుకుపోయి, గొంతు పెగలలేదు. తువ్వాలను విడిపించుకోవడానికి ఎడమ చేయి లోపల పెట్టాడు. కుడి చేత్తో స్తంభానికున్న పానా అందుకుని కొట్టాడు. ఆరు అడుగుల దూరంలో ఎనిమిదో సాంచె దగ్గర భూమేశం అటు తిరిగి పోగులు అతుకుతున్నాడు. తిరగలేదు. కండెల గంపతో లోపలికి వచ్చిన రాజవ్వ పానా చప్పుడు విని అటు చూసి కేక పెట్టింది. ఆ కేకకు భూమేశం తిరిగాడు, పరుగెత్తాడు, కరెంటు ఆపాడు.

కనకయ్య బతికాడు. ఎడమ చేతికి బొటనవేలు మిగిలింది. గొంతు గరగరలాడుతోంది.

ప్రమాదం జరిగిన మూడో రోజు షెడ్డులోనే విచారణ జరిగింది. ఫ్యాక్టరీల శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. ప్రయోగశాల తరఫున నీరజ వచ్చింది. ఆసుపత్రిలో కనకయ్య చెప్పిన మాటను అధికారి చదివి వినిపించాడు: కొట్టిన, చానాసేపు కొట్టిన, భూమన్న మర్లలేదు.

"పానా దెబ్బను ఈ పెట్టె తీసేసే అవకాశం ఉందామ్మా?" అని అడిగాడు అధికారి.

ఆ ప్రశ్న వస్తుందని నీరజకు బస్సులోనే తెలుసు. జవాబు కూడా బస్సులోనే తయారైంది.

"సాంచె శబ్దాన్ని మాత్రమే తీసేస్తుంది సార్."

"రికార్డు ఏమైనా ఉంటుందా?"

"ఉండదు సార్."

అధికారి రాసుకున్నాడు. ఇంకో ప్రశ్న అడిగేవాడేమో, భూమేశం ముందుకు వచ్చాడు.

"సారు, నా బిడ్డ సదువుకున్నది. అది చెప్పినంక ఇంకేముంటది? కనకయ్య కొట్టిండు, నాకు ఇనవడలే. నా చెవే సచ్చిపోయింది. తప్పు నాది."

లక్ష్మీరాజం తల దించుకుని, "చెవులు ఇనవడని మనిషిని సాంచె మీద ఉంచుడు ఇగ కుదరదు భూమన్నా" అన్నాడు. భూమేశం తన కత్తెరను, పోగులు తీసే కొక్కేన్ని సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లాడు. నీరజ ఆయన వెనకే నడిచింది. దారి పొడవునా ఆయన ఒక్క మాట అన్నాడు.

"నా మూలంగా నీ పెట్టెకు పేరు చెడలేదు గదా బిడ్డా?"

పెట్టెలో రికార్డు ఉంటుంది. తాను వదిలిన ఎదురు శబ్దాన్ని అది పదిహేను రోజులు దాచుకుంటుంది, ఆ తరువాత దాని మీద కొత్తది రాసుకుంటుంది. ఎదురు అలను ఒంటరిగా వినిపిస్తే చెవికి తేడా తెలియదు. తుడిచిన శబ్దమే వినిపిస్తుంది.

ఐదో రోజు నీరజ ప్రయోగశాలలో తలుపు వేసుకుని ఆ మధ్యాహ్నాన్ని విన్నది. మిగతా సాంచాలను తీసేసి ఏడో దాన్ని మాత్రం ఉంచింది. సాంచె దెబ్బ. సాంచె దెబ్బ. ఆ తరువాత సందులో పానా. ఆమె లెక్కపెట్టింది. నలభై మూడు. సందు దాటిన దెబ్బ ఒక్కటి లేదు. మెడకు ఉచ్చు బిగుస్తుండగా, చేయి నలుగుతుండగా కనకయ్య పద్ధతి ప్రకారం కొట్టాడు. నలభై మూడు తరువాత పానా ఆగలేదు. లయ తప్పింది. లయ తప్పిన దెబ్బలను పెట్టె ఊహించలేదు కనుక తుడవలేదు. రాజవ్వ విన్నది వాటినే. సత్తువ తగ్గిన ఆ సన్నని చప్పుడు భూమేశం చెవికి అందలేదు. చేతిలో సత్తువ ఉన్నంతసేపు లయ ఉంది. లయ ఉన్నంతసేపు ఎవరికీ వినిపించలేదు.

ఇంకొక సంగతి ఉంది. దానికోసం ఆమె రికార్డు వెతకనక్కర్లేదు.

షెడ్డులో బిగించాక పెట్టెను పరీక్షించిన వారంలో, భూమేశం కొత్త బీము ఎక్కించిన రోజున, ఆమె షెడ్డు మూల లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఏడో సాంచె గీతలో, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక కొత్త గీత లేచింది. నాలుగుసార్లు లేచి, ఐదోసారికి పడిపోయింది. ఆమె తలెత్తి చూసింది. కనకయ్య పానాతో స్తంభాన్ని కొడుతున్నాడు. తంబాకు కోసం తండ్రిని పిలుస్తున్నాడని అర్థమైంది. తండ్రి తలెత్తాడు, చప్పుడు ఆగిపోయేసరికి తనను కాదనుకుని మళ్లీ వంగాడు. కనకయ్య ఇంకా కొడుతూనే ఉన్నాడు. చివరికి నవ్వుకుంటూ వెళ్లి భుజం తట్టాడు. అప్పుడు తెర మీద ప్రశ్న వచ్చింది: ఈ శబ్దాన్ని ఏడో సాంచె శబ్దంగా గుర్తుంచుకోవాలా?

గుర్తుంచుకుంటే మొదటి దెబ్బ నుంచే తుడుస్తుంది. మరుసటి రోజు మోత ఎంత తగ్గిందో అంకెలు చూడటానికి పై నుంచి మనుషులు వస్తున్నారు. ఆమె అవును అని నొక్కింది. నివేదికలో రాసింది: స్తంభపు అదనపు కంపనం, తొలగించబడింది. కింద సంతకం చేసింది. దెబ్బ సంగతి తరువాత చూద్దామనుకుంది. తరువాత చూడలేదు.

ప్రయోగశాల అధిపతి ఫణీంద్ర రికార్డు విని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్త దాంట్లో ఈ లోపం సరిచేసేద్దాం. ఆయన చేతికి చికిత్స అంతా మనమే చూసుకుందాం. మూడొందల షెడ్లకు వెళ్లాల్సిన పెట్టె ఇది నీరజా. ఎంతమంది చెవులు మిగులుతాయో మీకే బాగా తెలుసు."

"మరి రికార్డు?"

"మనమేం చెరపక్కర్లేదండీ. పదిహేనో రోజుకి అదే పోతుంది."

ఆమె లాప్‌టాప్ మూసేసింది. మూయడం సులువుగానే అయింది. అది ఆమెకు తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఎనిమిదో రోజు ఆదివారం. నీరజ ఇంటికి వెళ్లేసరికి భూమేశం గోడవైపు తిరిగి పీట మీద కూర్చుని ఉన్నాడు. వెనక అంజవ్వ గరిటెతో గిన్నెను కొడుతోంది. కొట్టినప్పుడల్లా ఆయన వేలు లేపుతున్నాడు. ఒక్కటీ తప్పలేదు.

"మల్ల కొట్టు."

"ఇంకెన్నిసార్లయ్యా? గిన్నె సొట్టలు వడ్డది."

"పొయ్యికాడికి పోయి కొట్టు."

ఆమె వంటింట్లోకి వెళ్లి కొట్టింది. ఆయన వేలు లేపాడు. ఇటు తిరిగి కూతుర్ని చూశాడు.

"ఇంట్ల ఇనవడ్తుంది. షెడ్ల గా దెబ్బ ఎందుకు ఇనవడలే బిడ్డా? రోజు కనకయ్య కాడికి పోయి కూసుంటున్న. వాడేమో, నువ్వు కావాలని చేసినవా భూమన్నా, అంటడు. నాకు తల లేస్తలేదు. నువ్వు చెప్పు. చెవి గట్ల ఒక్క నిమిషం పని జేసుడు ఆగుతదా?"

అంజవ్వ గరిటె పట్టుకుని గడపలో నిలబడింది. ఇద్దరూ నీరజ నోటివైపు చూస్తున్నారు.

"ఆగుతుంది బాపు" అంది నీరజ. "వయసుకు అట్లయితది."

ఆయన తలాడించాడు. పీటను గోడకు ఆనించి, మళ్లీ దాని జోలికి పోలేదు.

పదమూడో రోజు ఆయన ఫోన్ చేశాడు. కరీంనగర్‌లో చెవి డాక్టరుకు చూపించుకున్నాడట.

"పరీక్ష చేసిండ్రు. రెండేండ్ల కింద ఎట్లున్నదో గిప్పుడు గట్లనే ఉన్నదట. స్తంభం మీద పానా కొడితే ఇనవడాలె అంటున్నడు."

నీరజ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆయనకేం తెలుసు తియ్యి" అన్నాడు భూమేశం. "నువ్వు చెప్పినవు గదా. నేను నీ మాటే పట్టుకున్న."

మరుసటి రోజు ఆమె రికార్డును లాప్‌టాప్‌లోకి ఎక్కించి, దాన్నీ ఒక స్పీకరునూ సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కింది. ఏం చేయబోతోందో ఫణీంద్రకు రెండు వాక్యాల్లో రాసి పంపి, ఫోన్ ఆపేసింది. బస్టాండు నుంచి ఇంటికి వెళ్లి, ఎందుకో చెప్పకుండా తండ్రిని వెంటబెట్టుకుంది. కనకయ్యను కూడా రమ్మంది. షెడ్డులో అన్నం వేళ. సాంచాలు ఆగి ఉన్నాయి. కార్మికులు టిఫిన్లు విప్పుతున్నారు. భూమేశం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నేను లోపలికి రానే" అన్నాడు.

"రా భూమన్నా" అన్నాడు కనకయ్య, కట్టు ఉన్న చేతిని గుండెలకు ఆనించుకుని. అరిస్తే ఆ గొంతు నుంచి గాలి మాత్రమే వస్తోంది.

నీరజ స్పీకరును ఏడో సాంచె మీద పెట్టింది.

"ఇది పెట్టె వదిలిన శబ్దం. అంటే మీకు వినిపించకుండా తీసేసిన శబ్దం. ఆ రోజు మధ్యాహ్నానిది."

మీట నొక్కింది. సాంచె నడిచే చప్పుడు. తరువాత సందులో పానా. అన్నం ముద్ద పట్టుకున్న చేతులు ఆగాయి. పదో దెబ్బకు అందరికీ తెలిసిపోయింది. ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశారు. కనకయ్య స్పీకరును చూడలేదు, స్తంభాన్ని చూశాడు. భూమేశం నాలుగడుగులు లోపలికి వచ్చి, ఎనిమిదో సాంచె దగ్గర, ఆ రోజు నిలబడిన చోటనే నిలబడ్డాడు. ఇటు వీపు పెట్టి విన్నాడు. ప్రతి దెబ్బకూ ఆయన కుడి చేతి చూపుడు వేలు లేచింది. నలభై మూడుసార్లు.

శబ్దం ఆగింది.

"అన్నీ ఇనవడ్డయి" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే.

"నీ చెవిది తప్పు లేదు బాపు. పెట్టెది. ఆ రోజు సార్ ముందు నేను అబద్ధం చెప్పిన. రేపు ఆయన దగ్గరికి పోయి చెప్పి, ఈ రికార్డు ఇచ్చేస్త."

"ఓ దేవుడా" అంది రాజవ్వ, గంప మీద చేయి వేసుకుని. లక్ష్మీరాజం ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయాడు.

భూమేశం తిరిగాడు. సాంచాలు ఆగి ఉన్నాయి. గుసగుస కూడా వినిపించేంత నిశ్శబ్దం. అయినా ఆయన మణికట్టు మీద వేలితో తట్టి, చేతిని భుజం మీదుగా వెనక్కి విసిరాడు.

ఎప్పటి నుంచి?

ఆ భాష రాని మనిషి ఆ షెడ్డులో ఎవరూ లేరు. అందరూ టిఫిన్ల వైపు చూపు దించుకున్నారు. కనకయ్య ఒక్కడు దించుకోలేదు.

నీరజ చేతులు లేపింది. రికార్డు విన్న రోజు నుంచి అయితే తొమ్మిది రోజులు. తొమ్మిది వేళ్లు చూపితే చాలు. అది అబద్ధం కాదు. ఇప్పుడే విన్నారు కనుక అందరూ నమ్ముతారు. తొమ్మిది రోజులు భయపడిన కూతురిని ఏ తండ్రయినా అర్థం చేసుకుంటాడు. తొమ్మిది వేళ్లు లేచి, గాలిలో ఆగాయి.

ఆమె వాటిని ముడిచింది. రెండు పిడికిళ్లు ఛాతీ దగ్గర చేర్చి, పక్కలకు లాగింది.

భూమేశం ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు. కొత్త బీము ఎక్కించిన రోజు. ఆయన ఎక్కించిన బీమే. తంబాకు కోసం కనకయ్య వచ్చి భుజం తట్టిన రోజు. కళ్లు ఒకసారి కనకయ్య వైపు వెళ్లి వచ్చాయి. కనకయ్య కుడి చేతిని నోటి దగ్గరకు తెచ్చి, తంబాకు నలిపినట్టు వేళ్లు కదిపి, అదేనా అన్నట్టు నీరజను చూశాడు. ఆమె తలూపింది. కనకయ్య చేయి దించాడు.

ఎవరూ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

అన్నం వేళ అయిపోయింది. భూమేశం గోడ దగ్గరకు వెళ్లి పెట్టెకు వచ్చే తీగను లాగేశాడు. లక్ష్మీరాజం ఆపలేదు. ఏడో స్తంభానికి కొక్కెం ఖాళీగా ఉంది. ఆ రోజు కింద పడిన పానాను ఎవరో కిటికీలో పెట్టారు. భూమేశం దాన్ని తెచ్చి కొక్కేనికి తగిలించి, ఒకసారి లాగి చూసుకుని, ఎనిమిదో సాంచె దగ్గరకు వెళ్లాడు.

ఇరవై మూడు సాంచాలు లేచాయి. మోత పాదాల నుంచి నీరజ ఒంట్లోకి ఎక్కింది. ఆమె చెవులు మూసుకోలేదు. తండ్రి ఇటు తిరిగితే చేతులతో చెప్పాల్సింది ఒకటి ఉంది, దానికి ఆ భాషలో గుర్తు ఉందో లేదో ఆమెకు తెలియదు. ఆయన పోగులు అతుకుతున్నాడు.

చాలాసేపటి తరువాత ఆమె పానా తీసుకుంది. ఏడో సాంచె ఆగి ఉంది కనుక ఎనిమిదో దాని లయ చూసుకుని, దెబ్బకూ దెబ్బకూ నడుమ, స్తంభాన్ని కొట్టింది. మూడో దెబ్బకు భూమేశం తల తిప్పాడు.